పది లక్షల్లో ఏడు సీట్ల బండి, ఒకట్రెండేళ్ళు వాడినది: మారుతి ఎర్టిగానా, కియా కారెన్సా, రెనో ట్రైబరా?

హన్మకొండ_ఏడుగురు
మొత్తం 10 లక్షలు. ట్రాన్స్‌ఫర్, ఇన్సూరెన్స్, మొదటి సర్వీసు అన్నీ ఇందులోనే అయిపోవాలి. అమ్మా నాన్న, మేమిద్దరం, తమ్ముడు, పిల్లలిద్దరు (పదేళ్ళు, నాలుగేళ్ళు). అమ్మకి మోకాళ్ళ నొప్పులు. రోజూ స్కూలు, ఆఫీసు కలిపి 15 కిలోమీటర్ల లోపే. నెలకోసారి ములుగు వైపు ఊరికి, ఏడాదికోసారి తిరుపతికి. మరీ పాత బండి వద్దు. ఎక్కడికి వెళ్ళినా ముందు సీట్లో కూర్చోబెట్టి టచ్ స్క్రీన్ చూపిస్తున్నారు, వెనక వరస సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఏ బండి, ఏ సంవత్సరం, ఏం చూసుకోవాలి?

సీమ_చక్రం
ఎర్టిగా. కళ్ళు మూసుకుని తీసుకోండి.

మూడో_వరస
కళ్ళు తెరిచే తీసుకోండి. ముందు ఒక ప్రశ్నకి జవాబు కావాలి. ఏడుగురూ కలిసి నెలలో ఎన్నిసార్లు వెళ్తారు? మూడో వరసలో ఎవరు కూర్చుంటారు? మీ ఇంట్లో పెద్దబాబు, మీ తమ్ముడు వెనక కూర్చోవాలి. అమ్మగారు రెండో వరసలో ఎడమ పక్క. అంటే బండిలో మీరు చూడాల్సింది రెండే: ఎడమ తలుపులోంచి అమ్మగారు వంగకుండా, ఎక్కువ పైకి ఎక్కకుండా కూర్చోగలరా, ఆమె దిగాక ఆ సీటు తేలిగ్గా జరిగి వెనక్కి దారి ఇస్తుందా. మిగతావన్నీ ఆ తర్వాత.

నాలుగేళ్ళ పిల్లకి చైల్డ్ సీటు పెడితే దాన్ని రెండో వరస కుడి పక్క పెట్టండి. ఎడమ పక్క పెట్టారో, వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోతుంది. ప్రతిసారీ చైల్డ్ సీటు పీకి పెట్టాలి.

డిక్కీ_నిండా
ఇంకో ప్రశ్న కూడా. ఏడుగురు కూర్చుంటే తిరుపతికి సామాను ఎక్కడ పెడతారు? కంపెనీలు చెప్పే లెక్కలే తీసుకోండి. మూడు వరసలూ లేపి ఉంటే ఎర్టిగాలో డిక్కీ 209 లీటర్లు, కారెన్స్‌లో 216, ట్రైబర్‌లో 84. ట్రైబర్‌లో ఆ 84 లీటర్లంటే రెండు స్కూలు బ్యాగులు, ఒక నీళ్ళ క్యాన్. అయిపోయింది. ఎర్టిగా, కారెన్స్‌లో కేబిన్ సైజు సూట్‌కేసులు నిలువుగా రెండు, పైన మెత్తటి సంచులు పడతాయి. పెద్ద సూట్‌కేసు దేంట్లోనూ పట్టదు.

సీమ_చక్రం
ట్రైబర్‌లో మూడో వరస సీట్లు పీకి ఇంట్లో పెట్టుకోవచ్చు కదా. ఐదుగురు వెళ్తే 625 లీటర్లు.

డిక్కీ_నిండా
అవును, ఆ ఏర్పాటు నిజంగా బావుంది. రెండూ విడివిడి సీట్లు, ఒకటి తీసేసి ఆరుగురు కూర్చున్నా 320 లీటర్లు వస్తుంది. కానీ ఈయన అడిగింది ఏడుగురికి.

లెక్కల_మాస్టారు
బలం లెక్క కూడా వేద్దాం. మనిషికి సగటున 65 కిలోలు అనుకున్నా ఏడుగురు 455 కిలోలు. ట్రైబర్ ఖాళీ బరువు సుమారు 950, ఇంజిన్ బలం 72 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). నిండాక 1,400 కిలోలు, అంటే టన్నుకి 51 పీఎస్. ఎర్టిగా పెట్రోలు 103 పీఎస్, ఖాళీ బరువు సుమారు 1,180, నిండాక 1,635. టన్నుకి 63. అదే ఎర్టిగా గ్యాస్ (సీఎన్‌జీ) మీద నడిస్తే 88 పీఎస్, బరువు ఇంకాస్త ఎక్కువ, టన్నుకి 52కి పడిపోతుంది. అంటే గ్యాస్ మీద నిండు ఎర్టిగా, నిండు ట్రైబర్ ఎక్కుడులో ఒకే తీరుగా లాగుతాయి.

ఘాట్_రోడ్డు
@లెక్కల_మాస్టారు లెక్క సరిగ్గా రోడ్డు మీద కనపడేదే. ట్రైబర్‌లో ఏడుగురు, ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కితే మలుపు మలుపుకీ మొదటి గేరు. ఎక్కదని కాదు, ఎక్కుతుంది. మలుపు తిరిగేటప్పుడు ఆర్‌పీఎమ్ 2,500 కింద పడనివ్వకపోతే చాలు. పడనిచ్చి హాఫ్ క్లచ్‌తో లాగితే క్లచ్ వాసన ఖాయం. దిగేటప్పుడు ఏ బండైనా రెండో గేరు, బ్రేకు నొక్కి వదలడం, నొక్కి వదలడం. అదే పనిగా కాలు పెట్టి ఉంచకూడదు, ఏడుగురి బరువుతో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి.

బెజవాడ_గేర్
ఏడాదికోసారి ఎక్కే ఘాట్ కోసం బండి ఎంచుకోవడం ఏంటండీ. మిగతా 364 రోజులు స్కూలుకే కదా.

ఘాట్_రోడ్డు
కొనేది ఏడు సీట్లు కావాలని. ఏడు సీట్లూ నిండేది ఆ రోజే. ఆ రోజుకి పనికిరాకపోతే ఐదు సీట్ల బండే తీసుకుని తిరుపతికి ఇన్నోవా మాట్లాడుకోవడం మేలు. ఇది వెటకారం కాదు, లెక్క వేసి చూడండి.

పాత_స్పానర్
మూడు బళ్ళ గురించీ ఒక్కచోట చెప్తాను.

ఎర్టిగా: 2018 నవంబరులో ఇప్పటి ఆకారం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఇంజిన్ మారింది, కే15బీ పోయి కే15సీ, సిలిండర్‌కి రెండు ఇంజెక్టర్లు. ఆటోమేటిక్‌లో పాత 4 గేర్లది పోయి 6 గేర్ల టార్క్ కన్వర్టర్ వచ్చింది. ఆటోమేటిక్ కావాలంటే 2022 ఏప్రిల్ ముందుది ముట్టుకోకండి, ఆ 4 గేర్లది హైవే మీద అరుస్తుంది, తాగుతుంది. మాన్యువల్ అయితే రెండు ఇంజిన్లూ మంచివే. వెనక స్టెబిలిటీ బాగానే ఉంటుంది గానీ ముందు స్ట్రట్ మౌంట్లు, స్టెబిలైజర్ లింకులు గుంతల్లో టకటకమంటాయి. పెద్ద ఖర్చు కాదు, బేరానికి మాత్రం పనికొస్తుంది.

కారెన్స్: 2022 ఫిబ్రవరిలో వచ్చింది. 1.5 పెట్రోలు 115 పీఎస్, 1.5 డీజిల్ కూడా 115 పీఎస్సే కానీ టార్క్ (లాగే శక్తి) 250 ఎన్ఎమ్. నిండు బండికి ఆ డీజిల్ సుఖం వేరు. కానీ మీరు రోజూ తిరిగేది 15 కిలోమీటర్లు, అదీ ముక్కలుగా. బీఎస్6 ఉద్గార నియమాల డీజిల్‌కి డీపీఎఫ్ ఉంటుంది, సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్. అది వేడెక్కి మసిని కాల్చుకోవాలంటే హైవే మీద ఆగకుండా 15, 20 నిమిషాలు నడవాలి. స్కూలు దాకా వెళ్ళి ఆపేస్తే మసి పేరుకుపోతుంది, లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే బండి బలం తగ్గించుకుని పాక్కుంటూ వెళ్తుంది. మీకు డీజిల్ వద్దు.

1.4 టర్బో పెట్రోలు డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ మీ బడ్జెట్‌లో దొరికినా, ట్రాఫిక్‌లో మెల్లగా పాకేటప్పుడు కుదుపు ఉందేమో చూడకుండా తీసుకోకండి. ఆ గేర్‌బాక్స్‌లో పొడి క్లచ్‌లు, జామ్‌లో నలిగిన బండి అయితే అక్కడే తెలుస్తుంది.

ట్రైబర్: 2019 ఆగస్టులో వచ్చింది. యంత్రం సింపుల్, బాగు చేయడం తేలిక. ఏఎమ్‌టీ (మాన్యువల్ గేర్లనే యంత్రం మార్చే ఆటోమేటిక్) వద్దు, ఏడుగురితో ఎక్కుడులో గేరు మార్చే క్షణంలో బండి ఊపిరి వదిలేస్తుంది.

గ్యాస్_బంకు
ఎర్టిగా సీఎన్‌జీ మైలేజీ గురించి ఎవరూ చెప్పలేదు. కంపెనీ చెప్పే మైలేజీ కిలోకి 26.11.

డిక్కీ_నిండా
సిలిండర్ డిక్కీలోనే ఉంటుంది. ఆ 209 లీటర్లు కూడా పోతాయి. ఏడుగురు, సామాను సున్నా.

గ్యాస్_బంకు
నిజమే. కానీ రోజూ 60, 70 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి దానంత మేలు లేదు. ఈయన తిరిగేది 15 కాబట్టి గ్యాస్‌కి ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగి రావడానికే ఏళ్ళు పడుతుంది. తీసుకుంటే మాత్రం రెండు చూడండి. ఒకటి, ఆర్సీలో ఇంధనం దగ్గర పెట్రోల్/సీఎన్‌జీ అని రాసి ఉందా. బయట కిట్ వేయించి ఆర్సీలో ఎక్కించకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కొర్రీ పెడతారు. రెండు, సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్టు చేయించాలి, ఆ తేదీ ప్లేటు మీద ఉంటుంది. రెండేళ్ళ బండి అయితే ఆ ఖర్చు మీ నెత్తినే వస్తుంది.

హన్మకొండ_ఏడుగురు
సీఎన్‌జీ, డీజిల్ పక్కన పెట్టేశాను. ఎర్టిగా పెట్రోలు, కారెన్స్ పెట్రోలు, ట్రైబర్ మిగిలాయి. భద్రత సంగతేంటి? స్టార్లు చూస్తే ట్రైబర్‌కే ఎక్కువ ఉన్నాయి.

మూడో_వరస
స్టార్లు చూసేటప్పుడు ఏ సంవత్సరం టెస్టో చూడాలి. గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లని గుద్దించి చూసి స్టార్లిచ్చే సంస్థ) 2022 మధ్యలో పరీక్ష కఠినం చేసింది. ట్రైబర్‌కి 4 స్టార్లు 2021లో, పాత పద్ధతిలో వచ్చాయి. ఎర్టిగాకి 2019లో పాత పద్ధతిలో 3, కొత్త పద్ధతిలో 2024లో 1. కారెన్స్‌కి 2022లో పాత పద్ధతిలో 3. పాత పద్ధతి స్టార్లని కొత్త పద్ధతి స్టార్లతో పోల్చడం తప్పు.

ఎయిర్‌బ్యాగుల మాటకొస్తే, కారెన్స్‌లో మొదటి రోజు నుంచీ బేస్ వేరియంట్‌లో కూడా ఆరు. ట్రైబర్‌లో ఆరూ అన్నిట్లో ఇవ్వడం 2025 జూలై మార్పు నుంచి. పాత ఎర్టిగా కింది వేరియంట్లలో రెండే. పిల్లల్ని వెనక కూర్చోబెట్టేవాళ్ళు ఇంకోటి చూడాలి: మూడో వరసలో మూడు పాయింట్ల బెల్టు ఉందా, హెడ్‌రెస్టు పైకి లేస్తుందా. తలకాయ వెనక అద్దం బెత్తెడు దూరంలో ఉంటుంది. హెడ్‌రెస్టు పైకి లేపకుండా పెద్దవాళ్ళు కూర్చుంటే వెనక నుంచి గుద్దినప్పుడు మెడ పోతుంది.

సీమ_చక్రం
వెనక ఏసీ?

మూడో_వరస
ఎర్టిగాలో రెండో వరస పైన కప్పుకి బ్లోయర్, అక్కడి నుంచే గాలి వెనక్కి వెళ్ళాలి. కారెన్స్‌లో, ట్రైబర్‌లో మూడో వరసకి విడిగా గాలి రంధ్రాలున్నాయి. కొన్ని బేస్ వేరియంట్లలో వెనక ఏసీయే ఉండదు, పేరు చూసి కాదు, కప్పు చూసి నిర్ధారించుకోండి. పరీక్ష ఇలా: మధ్యాహ్నం ఎండలో అరగంట నిలబెట్టిన బండి ఎక్కి, ఏసీ ఫుల్ పెట్టి, మీరు మూడో వరసలో కూర్చుని పది నిమిషాలు తిరగండి. మెడ దగ్గర చల్లగా తగలకపోతే మే నెలలో పిల్లలు వెనక కూర్చోరు.

లెక్కల_మాస్టారు
ట్రైబర్ పాతది కొనడం దండగ. కారణం పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోలు బండికి జీఎస్‌టీ 18 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 29. పన్ను లేని ధర 100 అనుకుంటే 129 కాస్తా 118 అయింది, అంటే షోరూమ్ ధర ఎనిమిదిన్నర శాతం తగ్గాలి. ఎర్టిగా, కారెన్స్ నాలుగు మీటర్లు దాటినవి, వాటికి 45 నుంచి 40కి వచ్చింది, తగ్గింది మూడున్నర శాతం లోపే.

అమ్మేవాడు పాత బిల్లు చూపించి ధర చెప్తాడు. మీరు మాత్రం ఈరోజు కొత్త బండి ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకుని, దాని నుంచి కిందికి లెక్క వేయండి. కొత్తదానికి లోను వడ్డీ కూడా తక్కువే ఉంటుంది, పాత బండి లోనుకి రెండు మూడు శాతం ఎక్కువ పడుతుంది. ట్రైబర్ కావాలంటే కొత్తదే తీసుకోండి. 2025 జనవరి నుంచి రెనో వారెంటీ కూడా మూడేళ్ళు/లక్ష కిలోమీటర్లు.

బెజవాడ_గేర్
మరి ఎర్టిగా మాత్రం కొత్తది ఎందుకు కాదు?

లెక్కల_మాస్టారు
10 లక్షల్లో ఆన్‌రోడ్ కావాలి, మొదటి సర్వీసు కూడా అందులోనే కావాలి అన్నారు. కొత్తదైతే లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపాక బేస్ వేరియంట్ దగ్గరే ఆగిపోవాలి. లైఫ్ ట్యాక్స్ మొదటి ఓనరే కట్టేశాడు కాబట్టి అదే రాష్ట్రంలో కొంటే వాడినదాంట్లో మిగిలేది అక్కడే.

పోల్చే పద్ధతి: అడిగే ధర + ఆర్సీ ట్రాన్స్‌ఫర్ + కొత్త ఇన్సూరెన్స్ + టైర్లు అరిగి ఉంటే నాలుగు + పెద్ద సర్వీసు. ఎర్టిగా టైరు 185/65 ఆర్15. నాలుగు మార్చాలంటే 20 వేల పైనే అనుకోండి. ఈ మొత్తం కొత్త బండి ఆన్‌రోడ్ కంటే కనీసం లక్షన్నర తక్కువ లేకపోతే నా దృష్టిలో పాతది కొనాల్సిన పని లేదు.

పాత_స్పానర్
సంవత్సరం అడిగారు కదా. 2023 ఏప్రిల్ తర్వాత తయారైనది చూడండి. అప్పటి నుంచి బళ్ళు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకి తగ్గ రబ్బర్లు, సీళ్ళతో వస్తున్నాయి, ఉద్గారాల నియమాల రెండో దశ కూడా అప్పుడే. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20యే. రిజిస్ట్రేషన్ సంవత్సరం చూసి మోసపోకండి, ఆర్సీలో తయారీ నెల విడిగా ఉంటుంది. 2022 డిసెంబరులో తయారై 2023 మేలో రోడ్డెక్కిన బండి 2022దే.

వారెంటీ మాటకొస్తే మారుతి 2024 జూలై 9 నుంచి డెలివరీ ఇచ్చిన బళ్ళకే మూడేళ్ళు/లక్ష. అంతకుముందువి రెండేళ్ళు/40 వేలు. కియాది మూడేళ్ళు, కిలోమీటర్ల పరిమితి లేదు. ఎక్స్‌టెండెడ్ వారెంటీ ఉందని చెప్తే ఆ సర్టిఫికెట్ తీసుకుని షోరూమ్‌లో మీ పేరుకి మార్పించుకోండి, దానంతట అది మారదు.

ఆర్సీ_ఫైలు
ట్రావెల్స్‌లో తిరిగిన బండిని తెల్ల ప్లేటుకి మార్చి అమ్మడం ఎర్టిగాల్లో చాలా ఎక్కువ. ఇలా పట్టుకోండి. నంబరు ప్లేటు కింద బంపర్ మీద పాత రంధ్రాలు, పసుపు రంగు మరకలు. డాష్‌బోర్డు కింద కోసి అతికించిన వైర్లు, ట్యాక్సీలకి జీపీఎస్ పరికరం, వెనక ప్యానిక్ బటన్లు పెడతారు, తీసేస్తే స్క్రూ రంధ్రాలు మిగులుతాయి. 80 దాటి వెళ్ళకపోతే స్పీడ్ గవర్నర్ ఇంకా ఉన్నట్టే. సెల్ఫ్ డ్రైవ్ అద్దె బళ్ళయితే నల్ల ప్లేటు, పసుపు అక్షరాలు. వాటి ఆర్సీ చరిత్రలో ట్రాన్స్‌పోర్ట్ నుంచి నాన్ ట్రాన్స్‌పోర్ట్‌కి మార్చినట్టు ఉంటుంది.

ఇక ఇన్సూరెన్స్ కాగితం. అందరూ తేదీ చూసి మడిచి పెట్టేస్తారు. అందులో ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) శాతం చూడండి. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20, తర్వాత 25, 35, 45, 50. రెండేళ్ళు నిండి మూడో ఏడాది పాలసీలో 25 ఉండాలి. సున్నా ఉంటే క్లెయిమ్ చేశారని అర్థం, ఏం క్లెయిమో అడగండి. ఆ ఎన్‌సీబీ మీకు రాదు, అది అమ్మినవాళ్ళతోనే వెళ్తుంది, మీ ప్రీమియం ఆ మేరకు పెరుగుతుంది. ఇంకోటి, కొత్త బండికి థర్డ్ పార్టీ మూడేళ్ళకి ఒకేసారి తీసుకుంటారు కాబట్టి ఇన్సూరెన్స్ ఉంది అంటారు. సొంత డ్యామేజీ (ఓడీ) పాలసీ ఏడాదికే, అది ముగిసిపోయి ఉండొచ్చు. విడిగా చూడండి.

బెజవాడ_గేర్
వరద బళ్ళ గురించి నేను చెప్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు సంగతీ తెలిసిందే. అలాంటివి తుడిచి వేరే జిల్లాల్లో అమ్ముతారు. సీట్ల కవర్లు కొత్తగా, మ్యాట్లు కొత్తగా, సెంటు వాసన గుప్పుమంటే అక్కడే ఆగండి.

మూడో వరస బెల్టు చివరిదాకా లాగండి. చివరి మూర దగ్గర మట్టి చార ఉంటుంది, అది ఎవరూ కడగరు. సీట్ల పట్టాల కింద బోల్టులు తుప్పు పట్టాయా, డిక్కీ కార్పెట్ ఎత్తితే ఇనుము మీద సన్నటి ఇసుక ఉందా చూడండి. ఎర్టిగా, ట్రైబర్‌కి స్టెప్నీ బండి కిందే వేలాడుతుంది కాబట్టి టైరు గుంట చూడాలి అనే పాత సలహా పనికిరాదు, దాని బదులు డిక్కీ ఫ్లోర్ ఎత్తి చూడాలి. ఫ్యూజు బాక్సు తెరిచి పిన్నుల మీద ఆకుపచ్చ పొడి ఉంటే నీళ్ళు తాగిన బండే.

పాత_స్పానర్
@బెజవాడ_గేర్ డిక్కీ ఫ్లోర్ మాట బాగా అన్నారు. ఏడు సీట్ల బండిలో అక్కడ ఇంకో కారణంతో కూడా చూడాలి. వెనక నుంచి గుద్దిన బండి అయితే మూడో వరస కాళ్ళ కింద, డిక్కీ వెనక ప్యానెల్‌లో టింకరింగ్ జరిగి ఉంటుంది. పిల్లలు కూర్చునేది అక్కడే. తలుపు తెరిచి రబ్బరు బీడింగ్ కొంచెం లాగండి. లోపల కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుండ్రటి చుక్కలు, సమాన దూరంలో ఉంటాయి. చుక్కలు కనపడకుండా నున్నగా ఉంటే లప్పం పెట్టి రంగు వేశారు. రెండు ప్యానెళ్ళు కలిసే చోట సీలెంట్ కంపెనీది ఒకే మందంలో గీత గీసినట్టు ఉంటుంది, షెడ్డులో పూసినది బ్రష్ గీతలతో, ఎగుడు దిగుడుగా ఉంటుంది. ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా ఉంటే చాలు, బండి వదిలేయండి. బంపర్, తలుపు రంగు వేసినా పరవాలేదు. వెనక ప్యానెల్, పిల్లర్లు మాత్రం ముట్టుకుని ఉండకూడదు.

ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా అనుమానమే, బల్బు తీసేసి ఉంటారు. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్ళండి, మీటర్ రీడింగు ఒక్కోసారి వేరే మాడ్యూల్‌లో వేరుగా దొరుకుతుంది.

హన్మకొండ_ఏడుగురు
మీటర్ తిప్పారో లేదో మామూలుగా ఎలా తెలుస్తుంది? స్కానర్ అందరి దగ్గరా ఉండదు కదా.

పాత_స్పానర్
కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబరు చెప్తే ప్రతి సర్వీసూ తేదీ, కిలోమీటర్లతో వస్తుంది. ఓనర్‌ని వెంటపెట్టుకుని వెళ్ళి అడగండి. సర్వీసుల మధ్య హఠాత్తుగా ఏడాది ఖాళీ ఉంటే అక్కడ బయట ఎక్కడో తిరిగింది. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు, 1823 అంటే 2023లో 18వ వారం. 2023 బండి 25 వేలు తిరిగింది అని చెప్పి టైర్లు 2025వి అయితే ఎందుకు మార్చారు? ఈ టైర్లు మామూలుగా 40 వేలకి పైగా వస్తాయి. క్లచ్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు, స్టీరింగ్ తొమ్మిది గంటల చోటు, ఈ మూడూ అరిగి మీటర్ 20 వేలంటే నమ్మకండి.

సీమ_చక్రం
మహీంద్రా మారాజో గురించి ఎవరూ మాట్లాడరేం? 1.5 డీజిల్, 300 ఎన్ఎమ్, మూడో వరసలో పెద్దవాళ్ళు కూర్చోవచ్చు, గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 4 స్టార్లు. ధర కూడా పడిపోయింది.

పాత_స్పానర్
బండి మంచిదే, నాకూ ఇష్టమే. కానీ తయారీ ఆగిపోయింది. ఇంజిన్ భాగాలకి ఇబ్బంది లేకపోయినా బంపర్, హెడ్‌లైటు, తలుపు అద్దం లాంటివి పోతే తిరగాలి. పైగా డీజిల్, ఈయన వాడకానికి మళ్ళీ డీపీఎఫ్ గొడవ. నెలకి రెండువేల కిలోమీటర్లు హైవే తిరిగేవాళ్ళకి చెప్పండి.

బెజవాడ_గేర్
ఇన్నోవా క్రిస్టా 10 లక్షలకి వస్తుంది కదా :)

ఆర్సీ_ఫైలు
వస్తుంది, 2017 చుట్టుపక్కలది, లక్షన్నర తిరిగినది. ఈయన అడిగింది ఒకట్రెండేళ్ళది. ఢిల్లీ నుంచి చవకగా వస్తుందని చెప్పేవాళ్ళ మాట కూడా వినకండి. అక్కడి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ బండి వయసుని బట్టి మళ్ళీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. మిగిలింది అనుకున్నది అక్కడే పోతుంది. ఏపీ బండి తెలంగాణకి తెచ్చుకున్నా, ఇక్కడిది అక్కడికి తీసుకెళ్ళినా ఇదే తంతు. హన్మకొండలో ఉన్నారు కాబట్టి టీఎస్ లేదా టీజీ నంబరు బళ్ళే చూడండి.

కాగితాలు: ఫారం 29, ఫారం 30 రెండిట్లో సంతకాలు, చాసిస్ నంబరు పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు, పొల్యూషన్, ఇన్సూరెన్స్. లోను ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ. అప్పు బాకీ ఉన్న బండికి డబ్బు ఓనర్ చేతికి ఇవ్వకండి, నేరుగా లోను ఖాతాకి వేసి మిగిలింది ఓనర్‌కి. అదే రాష్ట్రంలో అయితే అమ్మిన 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో అమ్మినవాళ్ళు తెలియజేయాలి. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో అడగాలి. ట్రాఫిక్ చలాన్లు బండి నంబరు కొట్టి చూసుకుని, అన్నీ కట్టించాకే మిగతా డబ్బు ఇవ్వండి.

హన్మకొండ_ఏడుగురు
ఒక డీలర్ ఫారాలు సంతకం చేయించి ఇస్తాం, ట్రాన్స్‌ఫర్ తర్వాత మెల్లగా చేసుకోండి అంటున్నాడు. పర్వాలేదా?

ఆర్సీ_ఫైలు
వద్దు. ఆర్సీలో పేరు ఎవరిదైతే ప్రమాదంలో బాధ్యత వాళ్ళదే అని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, అందుకని అమ్మేవాళ్ళకీ అది ముప్పే. మీ వైపు చూస్తే, బండి మీ చేతిలో, పాలసీ పాత ఓనర్ పేరు మీద ఉంటే సొంత డ్యామేజీ క్లెయిమ్ ఆగిపోతుంది. ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి: ఆర్సీ మారేదాకా ఇంత మొత్తం ఆపి ఉంచుతాం అని. 25 వేలు ఆపినా పని చకచకా జరుగుతుంది.

లెక్కల_మాస్టారు
డీలర్ జీఎస్‌టీ 18 శాతం అని మొత్తం ధర మీద వేస్తే ఒప్పుకోకండి. వాడిన బండి మీద రిజిస్టర్డ్ డీలర్ కట్టేది తన మార్జిన్ మీదే, బండి మొత్తం ధర మీద కాదు.

మూడో_వరస
ఇక టెస్టు డ్రైవ్. ఒక్కరే వెళ్ళకండి. ఏడుగురూ వెళ్ళండి, కుదరకపోతే కనీసం ఐదుగురు. అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్ళండి. ఖాళీ బండిలో ఏ సస్పెన్షనూ తప్పు చెప్పదు. నిండాక స్పీడ్ బ్రేకర్ మీద వెనక కొట్టుకుంటుందా, నాలుగో గేరులో 40 దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే ఆర్‌పీఎమ్ పెరిగి స్పీడు పెరగకుండా ఉంటుందా (అలా ఉంటే క్లచ్ అయిపోయింది), బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుందా. నిండు బండికి టైర్ల గాలి వేరే, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రెండు లెక్కలుంటాయి.

హన్మకొండ_ఏడుగురు
సరే. రెండు బళ్ళు చూశాను ఇప్పటికి. 2023 ఆగస్టు తయారీ ఎర్టిగా వీఎక్స్ఐ మాన్యువల్, సింగిల్ ఓనర్, 31 వేల కిలోమీటర్లు. 2022 కారెన్స్ పెట్రోలు బేస్, 44 వేలు. కారెన్స్‌కి 40 వేల రూపాయలు ఎక్కువ అడుగుతున్నారు. అమ్మ ఎర్టిగాలో తేలిగ్గా ఎక్కింది. కారెన్స్ సీటు వెనకాల వాలి కూర్చోవాల్సి వస్తోంది అంది. ఆరు ఎయిర్‌బ్యాగుల దగ్గర మనసు పీకుతోంది.

మూడో_వరస
పీకాల్సిందే, అది చిన్న విషయం కాదు. పిల్లలు, తమ్ముడు వెనక కూర్చుంటే కర్టెన్ ఎయిర్‌బ్యాగుల ప్రయోజనం వాళ్ళకే. నా ఓటు కారెన్స్.

పాత_స్పానర్
నా ఓటు ఎర్టిగా. 2022 కారెన్స్ ఈ20 ముందుది, మూడేళ్ళ వారెంటీ అయిపోయి ఉంటుంది. 2022లో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కోసం కారెన్స్‌ల్ని కంపెనీ వెనక్కి పిలిచింది, ఆ పని ఈ బండికి జరిగిందో లేదో చాసిస్ నంబరుతో షోరూమ్‌లో అడగకుండా కొనకూడదు. రోజూ ఎక్కి దిగేది అమ్మగారు.

డిక్కీ_నిండా
కారెన్స్‌లో అదే ధరకి 2023 మధ్యది దొరికేదాకా ఆగితే? ఏడాది చివర డీలర్లు స్టాకు తగ్గించుకునేటప్పుడు బేరం బాగా కుదురుతుంది. మీకు బండి రేపే కావాలని లేదు కదా.

లెక్కల_మాస్టారు
ఆగడం మంచిదే, కానీ ఆ ఎర్టిగాకి ఇన్సూరెన్స్ కాగితం అడిగారా? ఎన్‌సీబీ ఎంత ఉంది?

హన్మకొండ_ఏడుగురు
20 ఉంది.

ఆర్సీ_ఫైలు
2023 ఆగస్టు తయారీ, ఎప్పుడు రిజిస్టరైంది? 2023లోనే అయితే ఇప్పటికి 25 అయినా ఉండాలి. 20 అంటే మధ్యలో ఒక క్లెయిమ్ అయి మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలైంది, లేదా ఓడీ పాలసీ కొన్నాళ్ళు వదిలేశారు. రెండిట్లో ఏదో అడగండి. క్లెయిమ్ అయితే సర్వీస్ సెంటర్‌లో బాడీ షాప్ బిల్లు తీయించండి, ఏ ప్యానెల్ మార్చారో అందులో పార్టు పేరుతో సహా ఉంటుంది. ముందు బంపర్, ఫెండర్ అయితే ఒక 15, 20 వేలు తగ్గించి తీసుకోండి. వెనక ప్యానెల్ అయితే పాత_స్పానర్ చెప్పినట్టు వదిలేయండి.

హన్మకొండ_ఏడుగురు
సోమవారం ఓనర్‌ని తీసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్తున్నా. బిల్లు దొరికితే ఫొటో పెడతా. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.

ఆర్సీ_ఫైలు
మంచి పని. ఫాస్టాగ్ కూడా ఓనర్ చేత మూసేయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి, లేకపోతే టోల్ దగ్గర డబ్బు ఆయన ఖాతాలోంచి పోయి ఫోన్లు మొదలవుతాయి.